మూడోసారి పూర్తికాని సందేశం: 1942లో కూలిన కాటలీనా

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. మార్చిలో అండమాన్ కూడా పోయింది. హిందూ మహాసముద్రంలో తర్వాతి గురి సిలోనే (నేటి శ్రీలంక) అని బ్రిటిష్ వాళ్లకు అర్థమైంది. ఆ ద్వీపం దక్షిణ తీరాన, కొగ్గల సరస్సు మీద దిగే కాటలీనా విమానాలతో కాపలా పెట్టారు. అవి రోజంతా గాల్లో ఉండగలవు గానీ వేగం తక్కువ. ఫైటర్లు వెంటపడితే తప్పించుకోవడం కష్టం.

కెనడా వైమానిక దళానికి చెందిన 413 స్క్వాడ్రన్‌ను షెట్లాండ్ దీవుల నుంచి అక్కడికి పంపారు. స్క్వాడ్రన్ లీడర్ లెనార్డ్ బిర్చల్ కొగ్గల చేరిన రెండు రోజులకే, ఏప్రిల్ 4 తెల్లవారుజామున గస్తీకి బయల్దేరారు. విమానంలో మొత్తం తొమ్మిది మంది. సాయంత్రం, ఇక వెనక్కి మళ్లుదామనుకుంటుండగా దూరంగా సముద్రం మీద చుక్కలు కనిపించాయి. దగ్గరికి వెళ్తే అది అడ్మిరల్ నగుమో నౌకాదళం. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన దళమే.

నౌకలెన్ని, ఎటు వెళ్తున్నాయి, ఎంత వేగంతో... రేడియో ఆపరేటర్ సందేశం కొట్టడం మొదలుపెట్టాడు. అలాంటి సందేశాన్ని మూడుసార్లు పంపాలన్నది నియమం. మూడోసారి పూర్తికాకముందే జపాన్ జీరో ఫైటర్ల గుళ్లకు రేడియో తునాతునకలైంది. ట్యాంకులు పగిలి మంటలు లేచాయి. బిర్చల్ ఎలాగో నీటి మీదికి దించారు. ఒకరు విమానంతోపాటే మునిగిపోయారు. తీవ్రంగా గాయపడ్డ ఇద్దరు లైఫ్ జాకెట్లలో తేలుతున్నారు. పైనుంచి కాల్పులు ఆగలేదు. నీళ్లలోకి మునిగి తప్పించుకునే వీల్లేక వాళ్లూ పోయారు. మిగిలిన ఆరుగురిని ఇసొకాజె అనే జపాన్ యుద్ధనౌక పట్టుకెళ్లింది. ఎంత కొట్టినా, సందేశమేదీ పంపలేదనే వాళ్లు బుకాయించారు. ఈలోగా 'మళ్లీ పంపండి' అని కొలంబో నుంచి వచ్చిన పిలుపు జపాన్ వాళ్ల చెవిన పడి అసలు సంగతి బయటపడింది.

మర్నాడు, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి జరిగింది. అప్పటికే రేవులోంచి చాలా నౌకలను బయటికి పంపేశారు. బిర్చల్‌కు 'సిలోన్ రక్షకుడు' అన్న పేరు అలా వచ్చింది. నా దృష్టిలో అది కాస్త పెంచి చెప్పిన మాట. దాడి వస్తుందని జపాన్ రహస్య సంకేతాలను ఛేదించి బ్రిటిష్ వాళ్లు ముందే పసిగట్టారు. ఏప్రిల్ 1 ప్రాంతంలో వస్తుందని కాచుకుని, రాకపోయేసరికి నౌకాదళాన్ని మాల్దీవుల్లోని అడ్డూ అటాల్‌కు తీసుకెళ్లారు. హెచ్చరిక అందాక కూడా కొలంబో దగ్గరి రత్మలాన విమానాశ్రయంలో ఫైటర్లు నేల మీద ఉండగానే శత్రువు నెత్తిమీదికొచ్చాడు. డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలు ఆ రోజే మునిగాయి. అయినా శత్రువు వచ్చేశాడని మొదట కళ్లారా చూసి చెప్పింది ఆ తొమ్మిది మందే. ఏప్రిల్ 4 రాత్రి జపాన్ దళాన్ని వెంటాడిన బ్రిటిష్ 205 స్క్వాడ్రన్ కాటలీనా తిరిగి రాలేదు. అందులో ఒక్కరూ బతకలేదు. వాళ్లకు ఏ బిరుదూ దక్కకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద పడ్డ బాంబులు నగుమో దళానివి కావు. బంగాళాఖాతంలో సరకు నౌకల వేటకు దిగిన మరో జపాన్ అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక విమానాలు వేసినవి. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది.

బిర్చల్ 1945 దాకా జపాన్ చెరలోనే ఉన్నారు. ఆ గస్తీకి ఆయనకు వైమానిక సాహసానికిచ్చే డీఎఫ్‌సీ పతకం వచ్చింది. ఓబీఈ అనే బ్రిటిష్ పురస్కారం మాత్రం, శిబిరాల్లో జబ్బుపడ్డ ఖైదీల తరఫున కావలివాళ్లకు ఎదురు నిలిచినందుకు ఇచ్చారు.