ఒకే తీగలో రెండు మొక్కలు

తెల్ల అంచు ఆకుల ఐవీ తీగని తోటలో నేలంతా పాకించాక, అందులోంచి పూర్తి పచ్చ కొమ్మలు వస్తున్నాయట. ఏ ఎరువు వేస్తే మళ్లీ తెలుపు వస్తుందని ఒక పాఠకురాలు అడిగారు. ఏ ఎరువూ పనిచేయదు. కావలసింది కత్తెర, అదీ వెంటనే.

ఆ తెలుపు జబ్బు కాదు, పోషక లోపమూ కాదు. ఆ మొక్క రెండు రకాల కణాల ఉమ్మడి సంసారం. కొమ్మ కొనలో విభజన చెందే కణాలు మూడు పొరలుగా ఉంటాయి: ఎల్1, ఎల్2, ఎల్3. ఎల్1 నుంచి ఆకు పైతొక్క వస్తుంది. ఐవీ లాంటి మొక్కల్లో ఆకు అంచున, పైతొక్క కింద ఉండేది ఎక్కువగా ఎల్2 సంతానం. నడిమి భాగంలో, లోతున, ఎల్3 కణాలు కూడా ఉంటాయి. ఎల్2లో ఒక కణం జన్యుమార్పు వల్ల పత్రహరితం తయారు చేయలేకపోయి, దాని సంతతే ఆ పొరంతా నిండిపోతే అంచు తెల్లబడుతుంది. దీన్నే కైమెరా అంటారు. ఒక ఆకు కోసి దగ్గరగా చూడండి. తెలుపుకీ ముదురు పచ్చకీ మధ్య బూడిద కలిసిన లేతపచ్చ మరకలు కనిపిస్తాయి. అక్కడ రంగులేని పొర కింద పచ్చకణాలు దాగున్నాయి.

ఈ సంసారంలో సంపాదన పచ్చకణాలదే. తెల్లకణాలు వాటి చక్కెరతోనే బతుకుతాయి. బడిలో ఇలాంటి ఆకుకి, పిండిపదార్థం ఎక్కడుందో చూపే అయోడిన్ పరీక్ష చేసి, పచ్చగా ఉన్నచోటే నల్లబడిందని చూపించి ఆపేస్తారు. మరి తెల్లభాగానికి తిండి ఎక్కడిదని పిల్లల్ని అడిగితే ఎంత బాగుంటుందో!

ఎప్పుడైనా ఒక ఎల్3 కణం ఎల్2 పొరలోకి చొరబడితే, అక్కడి నుంచి పూర్తి పచ్చకొమ్మ వేరు కాపురం పెడుతుంది. ఆకంతా సంపాదనే, పోషించాల్సినవాళ్లు లేరు కాబట్టి వేగంగా పెరుగుతుంది. కుండీలో అయితే త్వరగా కంటపడుతుంది. నేలమీద పాకేవాటిలో గుబురు కింద దాక్కుని, కణుపు కణుపుకీ వేళ్లు దించుకుంటుంది. అందుకే పచ్చకొమ్మని మొదలు దాకా వెతికి, తెల్ల అంచు ఆకులున్న చోటికి కత్తిరించి, వేళ్లతో సహా పీకేయాలి.

కొత్త మొక్కలకు మూడు పొరలూ ఉన్న మొగ్గ కావాలి, అంటే కణుపులున్న కొమ్మముక్కే నాటాలి. పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకుముక్క నాటితే పచ్చపిలకే వస్తుంది. దాన్ని దుబ్బు విడదీసే పెంచాలి. విత్తనాల మీద ఆశ వద్దు. చంద్రకాంత మొక్కల మీద జర్మన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ కారెన్స్ 1909లో చూపించింది ఇదే: పుప్పొడి ఏ కొమ్మదైనా, తెల్లకొమ్మ మీద కాసిన గింజల నుంచి తెల్లమొలకలే వచ్చి చచ్చిపోయాయి.

మధ్యాహ్నపు ఎండకి తెల్లభాగం మాడుతుంది, చిక్కటి నీడలో పచ్చకొమ్మలదే పైచేయి అవుతుంది. పొద్దుటి ఎండ మంచిది.

అల్యూమినియం ప్లాంట్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. దాని వెండి మచ్చలు పైతొక్క కింద చేరిన గాలి. ఆ గాలి కింద ఉన్నవన్నీ పచ్చకణాలే.