ఛార్జరు మీద ఎర్ర దీపం: ఎలక్ట్రిక్ కారు గురించి అపోహలు, వాస్తవాలు

గత ఏప్రిల్‌లో దేవరకొండ రోడ్డు నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఫోను చేశారు. "బాబూ, ఉన్న డబ్బంతా పోసి కారు కొన్నాను. రెండు నెలలు తిరగకుండానే ఛార్జింగు ఎక్కడం మానేసింది. షోరూముకు తీసుకురమ్మంటున్నారు. అంత దూరం పోవడానికి అందులో ఛార్జింగు ఉంటే కదా!" అన్నారు. వెళ్లి చూస్తే కారు నిక్షేపంగా ఉంది. ఛార్జరు మీద మాత్రం ఎర్ర దీపం వెలుగుతోంది. పెరట్లో ఎర్తు గుంత ఎక్కడుందో అడిగి, రెండు బిందెల నీళ్లు తెప్పించి అందులో పోశాను. కాసేపటికి దీపం పచ్చగా మారింది. మాస్టారు నన్ను మంత్రగాడిని చూసినట్టు చూశారు.

నల్గొండలో ఇరవై ఏళ్లుగా వైరింగు పని చేస్తున్నాను. నాలుగేళ్లుగా ఇళ్లలో కారు ఛార్జింగు పాయింట్లు కూడా బిగిస్తున్నాను. నాది కూడా పచ్చ నంబరు ప్లేటు కారే. కాబట్టి కొన్నవాడి బాధ, బిగించినవాడి బాధ రెండూ తెలుసు. కొత్త కారు మీద నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా కారుకు సంబంధం లేనివే. లోపం గోడలో ఉంటుంది, గోడ వెనక వైరులో ఉంటుంది, వైరు దిగిన మట్టిలో ఉంటుంది.

అపోహ: 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంటే చాలు, ఏసీకి పెట్టినట్టు పెట్టేయవచ్చు

ఎక్కువ మందిని ముంచే మాట ఇదే. ఏసీ గది చల్లబడగానే విశ్రాంతి తీసుకుంటుంది. గీజరు పావుగంటలో ఆగిపోతుంది. కారు అలా కాదు. ప్లగ్గు నుంచి గంటకు సుమారు 3 యూనిట్ల చొప్పున, పది పన్నెండు గంటలు ఆగకుండా లాగుతుంది. మోటారు, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకే లైను మీద ఉన్న పాత ఇంట్లో ఇది మొదలుపెడితే ముందు సాకెట్టు వేడెక్కుతుంది, తరువాత పసుపుపచ్చగా మారుతుంది, ఆ తరువాత కరుగుతుంది. కరిగి ప్లగ్గుకు అతుక్కుపోయిన సాకెట్లు నా దుకాణంలో ఒక డబ్బా నిండా ఉన్నాయి. నమ్మని వాళ్లకు చూపించడానికి దాచాను.

చేయవలసినది చెబుతాను. మీటరు బోర్డు నుంచి కారు దగ్గరికి విడిగా ఒక లైను లాగించండి. 15 ఆంపియర్ల పాయింటుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, కరెంటు మోతాదు మించితే లైను ఆపే 20 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకయితే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మామూలు సాకెట్టు బదులు ఫ్యాక్టరీల్లో వాడే నీలం రంగు సాకెట్టు మేలు. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జరు అయితే 6 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ వైరు ఒప్పుకోవద్దు. మీటరు దూరంగా ఉంటే ఇంకా లావు వైరు కావాలి. దానికి ముందు ఇంటికి మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూసుకోండి. 2 కిలోవాట్ల లోడున్న ఇంటికి 7 కిలోవాట్ల ఛార్జరు తెచ్చుకుని, ఎంసీబీ పడిపోతోందని నన్ను తిట్టినవాళ్లు ఉన్నారు.

ఇక ఎర్తింగు, అంటే లీకైన కరెంటును నేలలోకి దించే ఏర్పాటు. మాస్టారి కథలో అసలు విషయం ఇదే. మన నేల కింద ఉన్నది నల్లరేగడి కాదు, చాలా చోట్ల గ్రానైటు రాయి, పైన కాస్త మొరం. వానాకాలంలో ఎర్తు గుంత తడిగా ఉంటుంది కాబట్టి కొలిస్తే రీడింగు బాగానే వస్తుంది. ఎండలు 45 డిగ్రీలకు పోయేసరికి గుంత ఎండిపోతుంది. ఎర్తు నిరోధం 5 ఓములలోపు ఉండాల్సింది, మాస్టారి ఇంట్లో మూడంకెల్లోకి పోయింది. ఫ్రిజ్జు, ఫ్యాను దీన్ని పట్టించుకోవు. కారు ఛార్జరు పట్టించుకుంటుంది. ఎర్తు సరిగా లేదని తెలిస్తే కరెంటు తీసుకోనంటుంది. అది మొండితనం కాదు, మీ ప్రాణం కాపాడే పద్ధతి. నీళ్లు పోయడం తాత్కాలికమే. బొగ్గు, ఉప్పు వేసి కొత్త గుంత తీయించాలి, లేదా రసాయనంతో నింపే గొట్టం ఎర్తింగు వేయించాలి. రాయి అడ్డం వస్తే రెండు గుంతలు తీసి కలపాలి.

ఇక్కడ కొందరు నా తోటి పనివాళ్లు చేసే పని చెప్పకుండా ఉండలేను. ఎర్ర దీపం పోవడానికి సాకెట్టు వెనక ఎర్తు పిన్నును న్యూట్రలుకు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుకు కలిపేస్తారు. రెండు అంగుళాల వైరు ముక్కతో దీపం పచ్చగా మారుతుంది, ఇంటాయన సంతోషించి డబ్బు ఇస్తాడు. ఏదో ఒక గాలివాన రాత్రి న్యూట్రలు తెగితే కరెంటు కారు బాడీ మీదికి వస్తుంది. తెల్లవారి తలుపు తీయడానికి చెయ్యి పెట్టేది మీరో, మీ పిల్లలో. మీ ఇంట్లో పని చేసినవాడు ఎర్తు టెస్టరు తీసి కొలవకుండానే దీపం పచ్చగా మార్చాడంటే, సాకెట్టు విప్పించి చూడండి.

ఊళ్లలో ఇంకో తంటా ఉంది. యాసంగి నాట్ల రోజుల్లో హాలియా వైపు పల్లెల్లో మోటార్లన్నీ ఆడుతుంటే వోల్టేజి 180కి పడిపోవడం కొత్త కాదు. ఛార్జింగు ఆగి ఆగి నడుస్తుంది. కారు పాడైందని కంగారుపడకుండా, యాప్‌లో టైమరు పెట్టి అర్ధరాత్రి తరువాత మొదలయ్యేలా చూసుకోండి. కరెంటు 10 ఆంపియర్లకు తగ్గించుకునే వీలుంటే తగ్గించండి.

అపోహ: కంపెనీ 490 కిలోమీటర్లు అని చెప్పి మోసం చేసింది

మోసం అనను, కానీ ఆ అంకెను నమ్మి ప్రయాణం పెట్టుకోకూడదు. అది ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణీత వేగాలతో వచ్చిన లెక్క. కాగితం మీద 490 ఉన్న కారు నా చేతిలో 320 ఇస్తోంది, నేను నెమ్మదిగా నడిపే మనిషిని. ఊళ్లో తిరిగితే యూనిట్‌కు 7 కిలోమీటర్లు వస్తాయి. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి 110 మీద పోతే అదే కారు 5.5కు దిగుతుంది. పెట్రోలు కారుకు హైవే మీద మైలేజీ పెరుగుతుంది, దీనికి తగ్గుతుంది. ఈ తలకిందుల లెక్క తలకెక్కడానికి నాకే మూడు నెలలు పట్టింది.

మరో చిన్న విషయం: హైదరాబాదు మనకంటే ఎత్తులో ఉంది. పోయేటప్పుడు అయిన ఖర్చు చూసి కంగారుపడతారు, వచ్చేటప్పుడు తక్కువ అవుతుంది. తెర మీద కనిపించే మిగిలిన కిలోమీటర్ల అంకె మీ నిన్నటి నడకను బట్టి వేసిన అంచనా మాత్రమే. శాతం చూసుకుని నడపడం నేర్చుకోండి.

అపోహ: 80 శాతం దాటి ఛార్జింగు పెడితే బ్యాటరీ పోతుంది

మీ కారులో ఏ రకం బ్యాటరీ ఉందో తెలియకుండా ఈ సలహా పాటించకండి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకానికి రోజువారీ 80 దగ్గర ఆపడం మంచిదే. మన దేశంలో చాలా కార్లలో ఉన్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకానికి వారానికి ఒకసారైనా 100 దాకా ఎక్కించమని కంపెనీలే చెబుతాయి. లేకపోతే లోపలి కంప్యూటరుకు ఎంత మిగిలిందో సరిగా తెలియదు. 22 శాతం చూపిస్తున్న కారు ఉన్నట్టుండి 9కి పడిందని గుండె పట్టుకునేవాళ్లలో చాలామంది నెలల తరబడి 80 దాటించని బుద్ధిమంతులే.

బ్యాటరీకి నిజమైన శత్రువు ఎండ. మిట్టమధ్యాహ్నం హైవే మీద తోలి, రేకుల షెడ్డులో ఆపి, వెంటనే ఫాస్ట్ ఛార్జింగు పెడితే అది నెమ్మదిగానే ఎక్కుతుంది. బ్యాటరీ తనను తాను కాపాడుకుంటోంది. ఆపేశాక కూడా ముందు భాగంలో గురగురమని శబ్దం వస్తే భయపడకండి, చల్లబరిచే పంపు అది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల హామీ ఇస్తున్నాయి. కాగితం జాగ్రత్తగా దాచుకోండి, అంతే.

అపోహ: పెద్ద బ్యాటరీ నిండుగా ఉంటే కారు ఆగదు

నేనూ అలాగే అనుకున్నాను. మిర్యాలగూడలో బంధువుల పెళ్లి. తెల్లవారి నాలుగింటికి బయలుదేరాలని పెట్టె పట్టుకుని బయటికి వస్తే తలుపు తెరుచుకోలేదు. రాత్రి చూసినప్పుడు 76 శాతం ఉంది. కారణం, ఎలక్ట్రిక్ కారులో కూడా మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. తలుపుల తాళాలు, తెర, కంప్యూటర్లు అన్నీ దాని మీదే మేలుకుంటాయి. అది చస్తే పెద్ద బ్యాటరీకి మేలుకోమని చెప్పేవాడు లేడు. నేను సరదా పడి పెట్టించిన కెమెరా వారం రోజులు రాత్రింబవళ్లు దాన్ని తాగేసింది. రిమోటులో దాగి ఉన్న ఇనుప తాళం చెవి ఎలా తీయాలో పక్కింటి కుర్రాడు ఫోనులో వెతికి చెప్పాడు. వాళ్ల నాన్న పాత డీజిలు బండి నుంచి కరెంటు తీసి లేపాం. ఎలక్ట్రిక్ పని చేసే మనిషికి ఇంతకంటే చిన్నతనం ఉండదు.

ఆ ఇనుప తాళం ఎక్కడుందో ఈరోజే తీసి చూసుకోండి. ఇంకొకటి, బండి ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. చక్రాలు తిరిగితే మోటారు తిరుగుతుంది, అనర్థం. కారును పూర్తిగా మోసుకుపోయే లారీనే పిలవాలి.

అపోహ: వానలో షాకు కొడుతుంది, ఎండలో కాలిపోతుంది

చాలా కార్ల బ్యాటరీలు ఐపీ67 ప్రమాణానికి తయారవుతాయి. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదు. వానలో ఛార్జింగు పెట్టుకోవచ్చు, గోడ మీది సాకెట్టుకు మాత్రం పైన కప్పు ఉండాలి. పొంగుతున్న వాగు దాటడం వేరే సంగతి, అక్కడ ఏ కారైనా కొట్టుకుపోతుంది. మంటల భయం 2022లో స్కూటర్లు వరుసగా కాలిన వార్తల నుంచి వచ్చింది. నేను భయపడేది బ్యాటరీ గురించి కాదు, పైన చెప్పిన సాకెట్టు గురించి.

అపోహ: కిలోమీటరుకు రూపాయి కూడా కాదు

అమ్మేవాళ్ల లెక్కలో మీ కారు ఒక్కటే కరెంటు వాడుతుంది. మీ ఇంట్లో ఫ్యాన్లు, ఏసీ కూడా ఉన్నాయి కదా. కరెంటు బిల్లు స్లాబుల్లో ఉంటుంది, కారు వాడేది ఎప్పుడూ పై స్లాబులోనే పడుతుంది. నెలకు 200 యూనిట్లు దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది, 400 దాటాక యూనిట్ 9 రూపాయలు మించుతుంది. నా ఇంట్లో కారు రాకముందు నెలకు 250 యూనిట్లు. నెలకు 1200 కిలోమీటర్లు తిరిగితే, ఛార్జింగులో వేడిగా పోయేది కలుపుకుని కారుకు దాదాపు 195 యూనిట్లు. వాటి మీద అదనంగా పడేది సుమారు 1700 రూపాయలు, అంటే కిలోమీటరుకు రూపాయిన్నర దగ్గర. పాత పెట్రోలు కారుకు అదే దూరానికి ఎనిమిది వేలు దాటేది. లాభమే, కానీ రూపాయి మాట నిజం కాదు.

దారిలో ఫాస్ట్ ఛార్జరు దగ్గర యూనిట్ 20 రూపాయలకు అటూ ఇటూ, దాని మీద 18 శాతం జీఎస్టీ. అప్పుడు కిలోమీటరు మూడున్నర దాటుతుంది. మన తెలంగాణలో ఛార్జింగు కోసం విడి టారిఫ్ కేటగిరీ ఉంది. ఎక్కువ తిరిగేవాళ్లు విడి మీటరు గురించి కరెంటు సెక్షన్ ఆఫీసులో అడగండి. టాక్సు మాత్రం నిజంగా కలిసొచ్చింది. 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ.

అపోహ: ఇప్పుడు ఎక్కడికైనా పోవచ్చు, ఛార్జర్లు అంతటా ఉన్నాయి

సూర్యాపేట మీదుగా విజయవాడకు, జడ్చర్ల మీదుగా కర్నూలుకు పోవచ్చు. కానీ యాప్‌లో కనిపించేదంతా పని చేస్తుందని అనుకోకండి. 60 కిలోవాట్లని రాసి ఉన్న చోట రెండు గన్నులకు (కారుకు తగిలించే ఛార్జింగు పిడులకు) రెండు కార్లు తగిలిస్తే చెరి సగం. ఛార్జింగు 80 దాటాక ఎలాగూ నెమ్మదిస్తుంది, వెనక వరుసలో ఇద్దరు నిలబడి ఉండగా 100 దాకా కూర్చునే మనుషులతో నేను గొడవపడ్డాను. కంపెనీకి ఒక యాప్, దానిలో ఒక వాలెట్, అందులో మిగిలిపోయిన 63 రూపాయలు, ఇది ఇంకో విసుగు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైంది శ్రీశైలం దారి. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అంతా అమ్రాబాద్ అడవే, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. ముందు ఊళ్లో ఛార్జరు దగ్గర గంట ఆలస్యమైతే ఆ రాత్రి దర్శనం లేనట్టే. ఘాటు ఎక్కేటప్పుడు శాతం కళ్లముందే కరుగుతుంది, దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది. అడవిలోకి నేను 70 శాతానికి తక్కువతో అడుగుపెట్టను.

అపోహ: బొగ్గు కరెంటుతో నడిచే కారు వల్ల ఒరిగేదేమీ లేదు

దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పొగ చూసినవాళ్లు ఈ మాట అడిగితే కొట్టిపారేయలేను. కానీ పెట్రోలు ఇంజను ఇంధనంలో నాలుగో వంతు మాత్రమే చక్రాలకు చేరుస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. మోటారు తనకు అందిన కరెంటులో ఎక్కువ భాగం వాడుకుంటుంది. పైగా మన లైనులోకి వచ్చేది బొగ్గు కరెంటు ఒక్కటే కాదు, సాగర్, శ్రీశైలం నీళ్లది ఉంది, ఎండది ఉంది. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలారు పలకలు పెట్టించుకుంటే కేంద్ర ప్రభుత్వం 78,000 రూపాయల దాకా రాయితీ ఇస్తోంది. అవి రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. అయితే కారు పగలు ఆఫీసులో ఉంటుంది, ఎండ ఇంటి మీద ఉంటుంది. పగలు లైనుకు పంపిన కరెంటును బిల్లులో తగ్గించే నెట్ మీటరు లేకుండా ఆ రెండూ కలవవు.

అపోహ: అద్దె ఇంట్లో ఉన్నా ఏదో ఒకటి చేసుకోవచ్చు

మూడో అంతస్తు కిటికీ నుంచి వేలాడేసిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కారు తగిలించిన ఇంటికి నన్ను పిలిచారు. బాక్సు ముట్టుకుంటే చెయ్యి కాలింది. విప్పి సంచిలో వేసుకుని వచ్చాను. ఇంటి యజమాని ఒప్పుకోకపోతే, మీటరు నుంచి కారు నిలిపే చోటికి వైరు లాగే దారి లేకపోతే, ఇప్పటికి కొనవద్దనే చెబుతాను. నాకు ఒక పని పోయినా సరే.