కొల్లేటికి చలికాలం వరద: అపోహలు - వాస్తవాలు

నవంబరు, డిసెంబరు తుపాన్లు వచ్చినప్పుడల్లా కొల్లేటి లంకల్లో, చుట్టూ ఉన్న వరి ఊళ్ళలో కొన్ని మాటలు తిరుగుతుంటాయి. డెల్టా డ్రెయిన్ల మీద పనిచేసే ఇంజినీరుగా వాటికి జవాబు చెప్పాలనిపిస్తుంది. వాటిని నమ్మి నష్టపోయేది మన రైతులే.

అపోహ: వాన తెరిపిచ్చింది, గండం గడిచినట్టే.

వాస్తవం: కొల్లేటి మీదికి పైనీరు వచ్చేది ఆ తర్వాతే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇవి కాక అరవైకి పైగా డ్రెయిన్లు ఇందులోకే దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు నీరు, వానలు తగ్గాక కొల్లేరు చేరి ఏలూరు-కైకలూరు రోడ్డెక్కింది. చలికాలంలోనూ నీరు నడిచే తీరు ఇదే. కాబట్టి ఎండ కాసింది కదా అని మెరకకు చేర్చిన ధాన్యాన్ని కిందికి దింపకండి. కొల్లేటి నీటిమట్టం చూసే పెదఎడ్లగాడి వంతెన దగ్గర మట్టం ఎంతుందో ముందు కనుక్కోండి.

అపోహ: ఉప్పుటేరు లోతుగా తవ్వేస్తే నీళ్ళు ఒక్కరోజులో సముద్రంలో పడతాయి.

వాస్తవం: పూడిక తీయాల్సిందే, గుర్రపుడెక్క, వలకట్లు తొలగించాల్సిందే. వంతెన ఖానాలకు గుర్రపుడెక్క దట్టంగా పట్టేస్తే, పైవైపు నీరు ఎత్తుగా, కిందివైపు పల్లంగా ఉండటం గట్టు మీద నిలబడితేనే తెలిసిపోతుంది. కానీ ఉప్పుటేరు అరవై కిలోమీటర్ల దాకా వంకర్లు తిరిగి వెళ్తుంది, వాలు చాలా తక్కువ. పాటు వేళ నీరు లాగుతుంది, పోటు వేళ నిలబడిపోతుంది. తుపానుకు సముద్రం పొంగి ఉంటే లాగే గంటలు ఇంకా తగ్గుతాయి. పైగా రెగ్యులేటర్ (నీటిని ఆపి వదిలే గేట్ల కట్టడం) కట్టకుండా లోతు మాత్రమే పెంచితే, వేసవిలో కొల్లేరు అడుగంటినప్పుడు ఉప్పునీరు అదే దారిలో పైకి ఎగదన్నుతుంది. లంకల్లో మంచినీళ్ళకు అసలే కటకట.

అపోహ: చేపల చెరువు గట్టు ఎత్తు చేసుకుంటే ఊరికి భద్రం.

వాస్తవం: ఆ చెరువులో చేపలకు భద్రం, అంతే. అక్కడ నిలవాల్సిన నీరు పక్క లంక మీద పడుతుంది. కొల్లేటిని ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అందులోని చెరువు గట్లు కొట్టేశారు. చాలాచోట్ల మళ్ళీ లేచాయి. చెరువుల మీద బతికే పేదవాళ్ళకు వేరే దారి చూపించాలి, అందులో సందేహం లేదు. అయినా నీటి దారికి అడ్డం పడిన గట్టు ఎవరిదైనా తీయాల్సిందే అని నా అభిప్రాయం.

అపోహ: చలికాలం వరద చిన్నది, నష్టమూ తక్కువే.

వాస్తవం: నీరు తక్కువ కావచ్చు, నష్టం కాదు. సార్వా (ఖరీఫ్ వరి) నాట్లప్పుడు మునిగితే నారు మళ్ళీ పోసుకోవచ్చు. డిసెంబరులో మునిగేది పెట్టుబడంతా పెట్టేసిన పంట. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేటప్పటికి చేలల్లో కోతలు నడుస్తున్నాయి. నానిన గింజ కోసి పరిచిన పన మీదే మొలకెత్తుతుంది. దాన్ని ఆపడానికి లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. చేను పూర్తిగా ఆరేదాకా ఆగొద్దు, నీరు దిగి వెన్నులు బయటపడగానే కొట్టండి. పనలైతే తిరగేసి రెండో వైపు కూడా తడపండి. ఈలోపు మీ బోదెకు (చేలోంచి నీరు పోయే కాలువకు) ఎక్కడైనా అడ్డుకట్ట ఉంటే తెంపించండి. చేలో నీరు ఆలస్యంగా దిగితే దాళ్వా (రబీ వరి) నారుమళ్ళు కూడా వెనకబడతాయి.