నీలి టోపీ యుద్ధాన్ని ఆపుతుందా? అపోహలు - వాస్తవాలు

సైన్యంలో ఉండగా కొన్నాళ్లు ఆఫ్రికాలో ఇథియోపియా, ఎరిట్రియా సరిహద్దులో ఐక్యరాజ్యసమితి (యూఎన్) నీలి టోపీ పెట్టుకుని మిలిటరీ అబ్జర్వర్‌గా పనిచేశాను. ఎక్కడ ఏ రెండు దేశాలు కొట్టుకున్నా బంధువుల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "ఏం బాబాయ్, మీ యూఎన్ నిద్రపోతోందా?" అని వెటకారం. వాళ్ల మనసులో ఉన్న యూఎన్ వేరు, నేను చూసింది వేరు.

అపోహ: యూఎన్ సైన్యం దిగితే యుద్ధం ఆగుతుంది.

వాస్తవం: ఆ సరిహద్దులో బద్మే అనే చిన్న ఊరి కోసం 1998 మే నెలలో రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైంది. రెండేళ్లలో 70 వేల నుంచి లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. శాంతి దళం ఏర్పాటుకు తీర్మానం వచ్చింది 2000 జులై 31న. అప్పటికే, జూన్ 18న, రెండు దేశాలూ కాల్పుల విరమణ మీద సంతకాలు పెట్టేశాయి. అంటే మేం వెళ్లింది ఆగిన యుద్ధానికి కాపలా కాయడానికి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల సరిహద్దుకు మంజూరైన సైనికులు 4,200 మంది. మన బెటాలియన్ కూడా అందులో ఉండేది. అబ్జర్వర్ల దగ్గరైతే తుపాకీ ఉండదు. జీపు, రేడియో, బైనాక్యులర్, నోట్‌బుక్. నిన్న లేని కందకం ఇవాళ కనిపిస్తే రాసి పైకి పంపడమే మా యుద్ధం.

మేం తిరిగే 25 కిలోమీటర్ల వెడల్పు రక్షణ మండలం మొత్తం ఎరిట్రియా భూమిలోనే ఉండేది. వాళ్లు ఉండనిస్తేనే ఉండగలం. 2005 అక్టోబరులో ఎరిట్రియా మా హెలికాప్టర్లను నిషేధించింది. తర్వాత డీజిల్ ఆపేసింది. జీపులో డీజిల్ లేని శాంతి దళం ఏం చేస్తుంది? 2008 జులై 31తో మిషన్ మూతపడింది.

అపోహ: మధ్యవర్తి ఊరి పెద్దమనిషి లాంటివాడు, చెబితే వింటారు.

వాస్తవం: గట్టు తగాదాలో పెద్దమనిషి మాట చెల్లడానికి కారణం, రేపు పిల్ల పెళ్లికి ఆయన రావాలి, అప్పు కావాలంటే ఆయన హామీ ఉండాలి. దేశాల మధ్య అలాంటి పట్టు ఎవరికుంటుంది? ఇక్కడ మొదట నడుం కట్టింది యూఎన్ కూడా కాదు. అమెరికా, రువాండా కలిసి ఒక ప్రయత్నం చేశాయి, ఆ తర్వాత ఆఫ్రికా ఐక్యతా సంస్థ వచ్చింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది అడిస్ అబాబాలో, అంటే తగాదాలో ఒక పక్షం రాజధానిలోనే. ఎరిట్రియా వాళ్లకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

సంస్థ రాసిన ముసాయిదాలో "బద్మే, దాని పరిసరాల" నుంచి ఎరిట్రియా సైన్యం వెనక్కి వెళ్లాలని ఉంది. పరిసరాలంటే ఎంత దూరం? ఆ ఒక్క మాట మీద నెలలు గడిచాయి. 1999 ఫిబ్రవరిలో ఇథియోపియా బద్మేను గెలుచుకున్నాకే ఎరిట్రియా ముసాయిదాకు సరేనంది. అమలు వివరాల పత్రం వచ్చేసరికి ఈసారి ఇథియోపియా కాదంది. నన్నడిగితే, చర్చల వేళను నిర్ణయించేది మధ్యవర్తి డైరీ కాదు, ఫిరంగులు.

అపోహ: తీర్పు వస్తే తగాదా తీరినట్టే.

వాస్తవం: 2000 డిసెంబరు 12న అల్జీర్స్‌లో ఎరిట్రియా అధ్యక్షుడు ఇసయాస్ అఫ్వెర్కి, ఇథియోపియా ప్రధాని మెలెస్ జెనావి శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. సరిహద్దు కమిషన్ చెప్పిందే అంతిమం, ఇద్దరూ కట్టుబడాలి అని అందులో రాసుకున్నారు. ఇంకో షరతు కూడా ఉంది. ఏది సబబుగా తోస్తే అది చెప్పే అధికారం కమిషన్‌కు లేదు. 1900, 1902, 1908 నాటి వలసకాలపు ఒప్పందాలనూ అంతర్జాతీయ చట్టాన్నీ చూసే గీత గీయాలి. ఊరు రెండుగా చీలినా సరే.

2002 ఏప్రిల్ 13న తీర్పు వచ్చింది. బద్మే ఎటు పడిందో అందులో విడమరిచి లేదు. ఇథియోపియా మాదే అని సంబరపడింది. లెక్కలు సరిచూస్తే అది ఎరిట్రియా వైపుంది! 2003 సెప్టెంబరులో మెలెస్ ఈ తీర్పు చట్టవిరుద్ధం, అన్యాయం అంటూ అప్పటి యూఎన్ సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్‌కు లేఖ రాశారు. హద్దురాళ్లు పాతనివ్వలేదు. చివరికి 2007లో కమిషన్ మ్యాపు మీదే అక్షాంశ రేఖాంశాలతో హద్దు పెట్టి, పని ముగించింది. తీర్పు చెప్పిన వాళ్ల చేతిలో దాన్ని అమలు చేయించే కోర్టు అమీను ఉండడు కదా.

అపోహ: భారత్ ఎన్నడూ మూడో మనిషిని రానివ్వలేదు.

వాస్తవం: 1960 సింధు జలాల ఒప్పందం ప్రపంచ బ్యాంకు కుదిర్చిందే. పాకిస్తాన్‌తో రణ్ ఆఫ్ కచ్ సరిహద్దు తగాదా తేల్చిన ట్రిబ్యునల్ అధ్యక్షుణ్ణి నియమించింది యూఎన్ సెక్రటరీ జనరల్. 1968 తీర్పులో తగాదా భూమిలో సుమారు పదో వంతు పాకిస్తాన్‌కు పోయినా మనం ఒప్పుకున్నాం. రెండు దేశాలే తేల్చుకోవాలన్న పట్టు బిగిసింది 1972 సిమ్లా ఒప్పందం తర్వాత.

అపోహ: అయితే ఈ సంస్థలన్నీ దండగ.

వాస్తవం: రెడ్‌క్రాస్ చొరవతో 2002 చివరికల్లా యుద్ధఖైదీలు ఇళ్లకు చేరారు. ఆ కుటుంబాల ముందు దండగ అనే మాట అనలేం. ఇక 2018లో ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ ఎరిట్రియా రాజధాని అస్మారాకు వెళ్లి రాజీ చేసుకున్నప్పుడు, ఒప్పుకున్నది ఆ 2002 తీర్పునే. పదహారేళ్లు బీరువాలో పడున్న కాగితం అది. ఫోన్ లైన్లు తెరుచుకున్న రోజు, అవతల ఎవరున్నారో తెలియకపోయినా జనం ఏదో ఒక నంబరుకు కొట్టి మాట్లాడారట. సెప్టెంబరులో సరిహద్దు దారులు తెరిచారు. కొన్ని నెలలకే ఒక్కొక్కటిగా మళ్లీ మూసేశారు. బద్మే మాత్రం అప్పటికి ఇథియోపియా చేతిలోనే ఉంది.