బూడిదలోంచి పన్నీరు తీయగలమా?

థర్మల్ విద్యుత్ కేంద్రంలో పొడి చేసిన బొగ్గు మండుతుంది. కార్బన్ గాలిలో కలిసిపోతుంది, మండని మట్టి, ఖనిజాలు మిగులుతాయి. వాటిలో పొగతో పాటు పైకి లేచి, చిమ్నీకి చేరేలోపు ఫిల్టర్లకు చిక్కే సన్నటి పొడే ఫ్లై యాష్. కొంత సిమెంటులోకి, ఇటుకల్లోకి పోతుంది. చాలా బూడిద ఏళ్ల తరబడి గుంటల్లో పడి ఉంది. ఇప్పుడు దాన్ని రేర్ ఎర్త్ మూలకాల కోసం మళ్లీ తవ్వి చూస్తున్నారు.

రేర్ ఎర్త్ మూలకాలు మొత్తం 17. ఎలక్ట్రిక్ కారు మోటారులోని శక్తిమంతమైన అయస్కాంతానికి నియోడిమియం, డిస్ప్రోసియం కావాలి. పేరులో 'రేర్' ఉన్నా ఇవి అంత అరుదేం కాదు. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉంటుంది. చిక్కల్లా, ఇవి ఒకచోట పోగుపడకుండా అన్ని రాళ్లలోనూ కొంచెం కొంచెంగా చెదిరి ఉండటమే.

పోగుచేసే పనిని బాయిలర్ కొంతవరకు ఉచితంగా చేసిపెడుతుంది. ప్రపంచంలోని బొగ్గులో ఇవి సగటున టన్నుకు 70 గ్రాముల దాకా ఉంటే, బొగ్గు బూడిదలో టన్నుకు 400 గ్రాముల దాకా ఉంటాయి. ఆ వేడికి ఇవి ఆవిరి కావు, చుట్టూ ఉన్న బొగ్గు మాత్రం పోతుంది, అంతే. అయితే వందకు పది పాళ్లు బూడిద మిగిల్చే బొగ్గులో గాఢత పది రెట్లు పెరుగుతుంది, నలభై పాళ్లు మిగిల్చే బొగ్గులో రెండున్నర రెట్లే. బూడిద ఎక్కువైతే సరుకూ ఎక్కువే అనుకుంటే ఇక్కడే పప్పులో కాలేసినట్టు.

బూడిద గుణం గని దగ్గరే తేలిపోతుంది. అమెరికాలోని తూర్పు కెంటకీలో ఫైర్ క్లే అనే బొగ్గు పొర ఉంది. సుమారు 31 కోట్ల ఏళ్ల కిందట, అది ఇంకా చిత్తడి నేలగా ఉన్నప్పుడు, అగ్నిపర్వత ధూళి దాని మీద రాలింది. ఆ ధూళి పలుచని బంకమట్టి పొరగా ఇప్పటికీ కనిపిస్తుంది. దాని పక్కనున్న బొగ్గును కాల్చితే వచ్చే బూడిదలో రేర్ ఎర్త్ మూలకాలు టన్నుకు 1000 గ్రాములు దాటాయి.

ఇక కొలవడం. అందుకు ముందు బూడిదను ద్రావణంగా మార్చాలి. బూడిద రేణువులు చాలావరకు గాజు గోళీలు, కంటికి కనిపించనంత చిన్నవి. నైట్రిక్ యాసిడ్‌కు అవి పూర్తిగా లొంగవు. గాజును కరిగించే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పోస్తే కరుగుతాయి, కానీ అదే యాసిడ్ రేర్ ఎర్త్ మూలకాలతో కలిసి కరగని ఫ్లోరైడ్‌లు చేస్తుంది. వెతుకుతున్నదే అడుగున మడ్డిగా దిగిపోతుందన్నమాట! అందుకే ఆ ఫ్లోరైడ్‌ను మళ్లీ వదిలించాలి, లేదా మొదటే బూడిదను సోడియం పెరాక్సైడ్ లాంటి క్షారంతో కలిపి, వేడిచేసి కరిగించాలి.

తర్వాత ద్రావణం మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి వెళుతుంది. విపరీతంగా వేడెక్కించిన ఆర్గాన్ వాయువు (ప్లాస్మా) వేడికి పరమాణువులు అయాన్లుగా మారితే, యంత్రం వాటిని బరువును బట్టి లెక్కపెడుతుంది. ఆ యంత్రానికి తెలిసింది బరువే, పేరు కాదు. బేరియం 137, ఆక్సిజన్ 16 అంటుకుంటే 153 అవుతుంది. ఒక రకం యూరోపియం బరువూ 153. బూడిదలో బేరియం దండిగా ఉంటుంది కాబట్టి సరిదిద్దకపోతే లేని యూరోపియం ఉన్నట్టు కనిపిస్తుంది. ఇలాంటివి పట్టుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. ప్రకృతిలో పరమాణు సంఖ్య సరిగా (2తో భాగించబడేలా) ఉన్న మూలకాలు పక్కనున్న బేసి వాటికంటే ఎక్కువ, గ్రాఫ్ గీస్తే రంపపు పళ్లలా వస్తుంది. ప్రతి అంకెనూ భూమి పైపొరలోని సగటుతో భాగిస్తే ఆ పళ్లు పోయి గీత నున్నగా మారాలి. ఎక్కడైనా ఒక చుక్క ఎగిరిపడితే ముందు ల్యాబ్‌నే అనుమానించాలి. సీరియం, యూరోపియం మాత్రం ప్రకృతిలోనూ అప్పుడప్పుడు ఇలా ఎగిరిపడతాయి. కాబట్టి యూరోపియం దగ్గర తప్పు యంత్రానిదా, నిజంగానే రాయిది అలాంటి గుణమా అన్నది తేల్చడం కష్టం.

ఇంత కష్టపడి తేల్చిన అంకె కూడా, నా దృష్టిలో, సగం సమాధానమే. ఎంత ఉందన్నది ఒకటి, ఎంత బయటికొస్తుందన్నది ఇంకొకటి. 2016లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికా బూడిదలను పోల్చారు. తూర్పున ఉన్న అపలాచియన్ కొండల బొగ్గు బూడిదలో సగటున టన్నుకు 591 గ్రాములు, పడమటి పౌడర్ రివర్ బేసిన్ బొగ్గు బూడిదలో 337. మొదటిదే మేలనిపిస్తుంది. కానీ వేడి నైట్రిక్ యాసిడ్‌లో నానబెడితే అపలాచియన్ నుంచి వచ్చింది సుమారు 30 శాతం, పౌడర్ రివర్ నుంచి 70 శాతం. స్థూలంగా లెక్కేస్తే మొదటిది దాదాపు 180 గ్రాములు ఇస్తుంది, రెండోది 235. పేద బూడిదే గెలిచింది! పౌడర్ రివర్ బూడిదలో కాల్షియం ఎక్కువ, దాని గాజు యాసిడ్‌కు తొందరగా లొంగుతుంది. అపలాచియన్‌ది సిలికా (ఇసుకలో ఉండేదే), అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కలిసిన గట్టి గాజు, మూలకాలు అందులో చిక్కుకుపోయి ఉంటాయి.

దక్షిణ చైనాలో తవ్వే బంకమట్టిలోనూ రేర్ ఎర్త్ మూలకాలు టన్నుకు 500 నుంచి 2000 గ్రాములే. అయినా అక్కడ లాభం, ఎందుకంటే అయాన్లు మట్టి రేణువులను పైపైన అంటుకుని ఉంటాయి. అమ్మోనియం సల్ఫేట్ నీళ్లతో కడిగితే చాలు, ఊడివస్తాయి.

గాజును పగలగొట్టడానికి కొత్త దారులు వెతుకుతున్నారు. 2022లో రైస్ విశ్వవిద్యాలయం బృందం బూడిదను కార్బన్ పొడితో కలిపి, కరెంటు పంపి, ఒక్క సెకనులో సుమారు 3000 డిగ్రీలకు వేడెక్కించింది. తర్వాత యాసిడ్‌లో దిగుబడి దాదాపు రెట్టింపైంది. అయినా యాసిడ్ నియోడిమియాన్ని ఏరుకుని కరిగించదు. టన్ను బూడిదలో 400 గ్రాముల రేర్ ఎర్త్ మూలకాలుంటే, అల్యూమినా 250 కిలోల దాకా ఉండొచ్చు. గాజు కరిగితే అదీ వచ్చి చేరుతుంది, యాసిడ్ ఖర్చు దాని మీదే ఎక్కువ. చైనాలోని ఇన్నర్ మంగోలియాలో దొరికే జుంగార్ బొగ్గు బూడిదలో అయితే అల్యూమినా దాదాపు సగం. అక్కడ బూడిదను అల్యూమినా కోసమే కరిగించే పద్ధతులు తయారుచేశారు. అలాంటిచోట, ఎలాగూ కరిగిన ద్రావణంలోంచి రేర్ ఎర్త్ మూలకాలను పక్క సరుకుగా తీసుకోవడమే నాకు కాస్త నమ్మకం కలిగించే లెక్క.