ఆడపిల్లకు వెల్ష్ పేరు: అపోహలు - వాస్తవాలు

నేను దక్షిణ వేల్స్‌లో జననాలు నమోదు చేసే రిజిస్ట్రార్‌ని. పోయిన వారం తొమ్మిది నెలల పాపను ఎత్తుకుని ఒక తెలుగు జంట వచ్చారు. పాప పేరు ఫీయొన్. ఇక్కడ గట్ల మీద పూసే ఊదారంగు ఫాక్స్‌గ్లవ్ పువ్వుకు వెల్ష్‌లో ఉన్న పేరు అది. అసలు స్పెల్లింగులో మొదట రెండు ఎఫ్‌లు ఉంటాయి. "రెండుంటే తప్పు టైపు చేసినట్టుందని ఒకటి తీసేశామండీ" అన్నాడు తండ్రి. వేరే ఊళ్లో అలాగే నమోదు చేయించారు. ఇప్పుడు నర్సరీలో వెల్ష్ టీచరు పాపను "వియొన్" అని పిలుస్తోందట. ఆవిడ తప్పేం లేదు. వెల్ష్‌లో ఒక ఎఫ్ ఉంటే వ, రెండుంటేనే ఫ.

"వెల్ష్ స్పెల్లింగుకు ఒక పద్ధతంటూ లేదు, మనకు వినపడినట్టు రాసుకోవచ్చు" అనే మాట ఎవరు పుట్టించారో గానీ, నేను చూసిన వాటిలో తల్లిదండ్రులను ఎక్కువగా ఏడిపించిన అపోహ ఇదే. వెల్ష్ దాదాపు మన తెలుగులాంటిది. రాసినట్టే చదువుతారు. కాకపోతే అక్షరాల విలువలు వేరు. సి ఎప్పుడూ క, అందుకే కెరిస్ అంటారు, సెరిస్ కాదు. ఎస్, ఐ కలిసి అచ్చు ముందు వస్తే ష. షాన్ అనే పేరును మనవాళ్లు సియాన్ అని చదివేది అది తెలియకే. యు అంటే ఇ, కాబట్టి ఎలినెడ్ అంటారు, ఎలునెడ్ కాదు. పేరులో నొక్కి పలికేది సాధారణంగా చివరి నుంచి రెండో అక్షరాన్ని. అఙ్‌హారద్ అనే అందమైన పాత పేరుంది, బాగా ప్రేమ పొందినది అని అర్థం. ఇంగ్లీషువాళ్లు తడబడే ఆ పేరు మనకు తేలిక. చిన్నప్పుడు పలక మీద దిద్ది వదిలేసిన ఙ అక్షరం అందులో ఉంది మరి.

పేరు మార్చుకోవడం కుదరదా అంటే, కుదురుతుంది. ఇక్కడ పుట్టిన 42 రోజుల్లోగా నమోదు చేయించాలి. నమోదైన 12 నెలల్లోపు పేరు మార్చమని అడగవచ్చు. అయితే మొదట రాసిన పేరు చెరిగిపోదు, కొత్త పేరు దాని పక్కన చేరుతుంది. మన వర్క్ వీసా కుటుంబాలకు అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పాపను ఏడాదిలోపు భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేయించి, ఆ సర్టిఫికెట్ పేరుతోనే పాస్‌పోర్టు తీసుకుని ఉంటారు. ఒక్క ఎఫ్ కోసం అవన్నీ మళ్లీ మొదటి నుంచి. ఆ తల్లి నా ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే నాకూ బాధేసింది. ఒక ఎఫ్ తీసేయమన్నది ఎవరో ఫోనులో ఇచ్చిన ఉచిత సలహా.

ఈ విషయంలో నాకు గ్వెన్‌ల్లియన్ గుర్తొస్తుంది. వేల్స్ రాజు ల్లెవెలిన్ కూతురు, 1282లో పుట్టింది. ఆ ఏడాదే తండ్రి యుద్ధంలో చనిపోతే, ఇంగ్లండ్ రాజు ఆ పసిపిల్లను లింకన్‌షైర్‌లోని సెంప్రింగమ్ మఠానికి పంపేశాడు. 1337లో చనిపోయేదాకా ఆమె అక్కడే ఉంది. వెల్ష్ మాట్లాడేవాళ్లే లేని చోట ఆమె పేరు "వెంట్లియన్" అయిపోయింది. 2009లో ఉత్తర వేల్స్‌లో ఒక కొండకు ఆమె పేరు పెట్టారు, సరైన స్పెల్లింగుతో.

ఇక పేరు చివర వెన్, విన్. మన అమ్మ, అయ్య లాంటివి అనుకోండి. వెన్ ఆడపిల్లకు, విన్ మగపిల్లాడికి: ఓల్వెన్, అన్వెన్, బ్రోన్వెన్ అమ్మాయిలు, కార్విన్ అబ్బాయి. వేరే దేశాల్లో బ్రోన్విన్ అని ఆడపిల్లలకు పెడుతున్నారు, చట్టప్రకారం ఏ అడ్డూ లేదు. కానీ ఇక్కడి పెద్దవాళ్ల చెవికి అది రామయ్య అనే అమ్మాయిలా ఉంటుంది.

వెల్ష్ పేరు పెట్టాలంటే వెల్ష్ వాళ్లై ఉండాలా? అక్కర్లేదు. ప్రభుత్వం ఒప్పుకున్న పేర్ల జాబితా ఉందా? లేదు. మేగన్ ఐరిష్ పేరా? కాదు, వెల్షే. ఒక్క మాట మాత్రం, పేరును ఊళ్లో అమ్మమ్మకు వినిపించి చూడండి. ఇక్కడ మారి అంటే మేరీ. మన ఇళ్లలో ఆ మాటకు అర్థం ఏమిటో చెప్పక్కర్లేదు.

నక్షత్రం అక్షరం చూసుకునేవాళ్లకైతే ఒక కాగితం ఇచ్చి, "మీకు కావాల్సిన శబ్దం తెలుగులో రాయండి" అంటాను. కిందటేడు ఒకమ్మాయి "లోరి" అని రాసింది. పాపది భరణి నాలుగో పాదం, "లో" రావాలి. నెట్‌లో చూసి ఆ వెల్ష్ పేరు ఇష్టపడింది. దాన్ని ఇక్కడ లౌరి అంటారని చెప్పగానే ముఖం వాడిపోయింది. "అయితే పాపకు దోషమా అక్కా?" అంది. నేను జ్యోతిష్యురాలిని కాదు. జన్మనామం వేరే పెట్టుకునే అలవాటు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉందని మాత్రం గుర్తు చేశాను. 42 రోజుల్లో ఇంకా 20 రోజులున్నాయి, ఇంటికెళ్లి నాలుగు రోజులు ఆ పేరుతో పిలిచి చూడమన్నాను. మళ్లీ వచ్చినప్పుడు భర్త చేతిలో బారసాల ఫోటో. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో "లోహిత" అని రాసి ఉంది. రిజిస్టర్లో లౌరి అని రాయించుకుని, ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూసుకుని వెళ్లారు.