తూకం కదలకపోయినా మారే దేహం

కొత్తగా బరువులు ఎత్తడం మొదలుపెట్టి, రెండు నెలలు గడిచాక బరువు అరకిలో కూడా తగ్గలేదని మానేసేవారు మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో చాలామంది కనిపిస్తారు. వారిలో కొందరికి అప్పటికే నడుము దగ్గర ప్యాంటు వదులై ఉంటుంది. యూరియా బస్తా భుజానికెత్తుకున్నప్పుడు మునుపటంత ఆయాసం రావడం లేదని తెలుస్తూనే ఉంటుంది. అయినా వారు తూకం చూపే అంకెనే నమ్ముతారు. ఆ అంకె కండను, కొవ్వును, ఎముకను, నీటిని కలిపి ఒకే మొత్తంగా చూపుతుంది కనుక, రెండు కిలోల కొవ్వు పోయి రెండు కిలోల కండ చేరినా అది కదలదు. కిలో కండకంటే కిలో కొవ్వు ఆరోవంతుకు పైగా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, బరువు మారకుండానే నడుము చుట్టుకొలత తగ్గుతుంది.

కొవ్వు కరిగి కండగా మారిందని చాలామంది అంటారు కానీ, అది జరిగే పని కాదు. కండ తయారయ్యేది ఆహారంలోని మాంసకృత్తుల నుంచి. కొవ్వు మాత్రం ఆక్సిజన్‌తో కలిసి మండి, కార్బన్ డయాక్సైడుగా, నీరుగా విడిపోతుంది. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో దాదాపు 8.4 కిలోలు ఊపిరితో బయటికి పోతాయి, మిగిలిన 1.6 కిలోలు నీరుగా మారతాయి. రోహిణి కార్తె ఎండలో వ్యాయామం చేసి చొక్కా తడిస్తే తగ్గేది ఒంట్లోని నీరే. అది మళ్లీ తాగగానే తిరిగి వస్తుంది. పొట్ట వ్యాయామాలు ఎన్ని చేసినా పొట్ట దగ్గరి కొవ్వు ప్రత్యేకంగా కరగదు, ఎందుకంటే కొవ్వు రక్తంలోకి విడుదలై ఒళ్లంతటికీ ఇంధనమవుతుంది.

కండకూ కొవ్వుకూ ఉన్న ఈ తేడా మనకు మరీ ముఖ్యం. పుణెకు చెందిన వైద్యుడు యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ అనే మరో వైద్యుడు కలిసి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగిన బరువును చూపే బీఎంఐ ఇద్దరికీ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన మన బంధువుల్లో ఎవరిని తలుచుకున్నా ఈ లెక్క అర్థమవుతుంది. అలాంటివారికి బరువు తగ్గమని మాత్రమే చెప్పడం నా దృష్టిలో అరకొర సలహా. తిండి తగ్గించి బరువు తగ్గితే అసలే తక్కువగా ఉన్న కండ కూడా కొంత పోతుంది.

కొవ్వు తగ్గాలంటే తినేదానికన్నా ఖర్చు ఎక్కువ కావాలి, కండ పెరగాలంటే శక్తి కావాలి. మరి రెండూ ఒకేసారి ఎలా సాధ్యం? ఏళ్ల తరబడి సాధన చేసినవారికి ఇది కష్టమే. కొత్తవారి కండరానికి మాత్రం బరువు అనేది ఇంతకుముందు ఎరగని ఒత్తిడి కాబట్టి, ఒక్కరోజు సాధన చేస్తే ఆ తరువాత ఒకటి రెండు రోజుల పాటు కండరంలో కొత్త మాంసకృత్తుల నిర్మాణం వేగంగా సాగుతుంది. ఆ నిర్మాణానికి కావలసిన శక్తిని నిల్వ ఉన్న కొవ్వు ఇవ్వగలదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. అందువల్ల రోజుకు 300 నుంచి 500 కేలరీలు మాత్రమే తగ్గించుకుంటే చాలు. అంతకు మించి కడుపు మాడ్చుకుంటే నష్టపోయేది కండే. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నాడులు నేర్చుకున్న నేర్పు. కంటికి కనిపించే కండ తరువాత వస్తుంది.

ఎత్తే బరువును ఎలా పెంచాలో ఒంగోలు గిత్తలను సాకే రైతుకు వేరే చెప్పనక్కరలేదు. బండలాగుడు పోటీల్లో పాలపళ్ల గిత్తలకు ఒక విభాగం, రెండు పళ్లకు, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేరు వేరు విభాగాలు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. పాలపళ్ల గిత్తకు పెద్ద బండ కట్టే రైతు ఉండడు. మనిషికీ అంతే. వారానికి రెండు మూడు రోజులు బస్కీలు, దండీలు, నేల మీది బరువును వెన్ను వంగకుండా లేపడం, తలపైకి ఎత్తడం చేస్తూ, ఒక్కో విడతకు 8 నుంచి 12 సార్లు ఎత్తగల బరువుతో మొదలుపెట్టి, 12 సార్లు తేలికైనప్పుడు కొద్దిగా కలుపుకుంటూ పోవాలి. జిమ్ లేని ఊళ్లో ఇసుక నింపిన సంచి అయినా సరిపోతుంది.

అదే రైతు తన గిత్తకు వరిగడ్డి ఒక్కటే వేసి సరిపెట్టడు, ఉలవలు ఉడకబెట్టి పెడతాడు. తాను మాత్రం కంచం నిండా అన్నం, పప్పు చెంచాడు తిని లేస్తాడు. నాకు బాధ కలిగించేది ఇదే. 400 గ్రాముల బియ్యం దాదాపు 1,400 కేలరీలు ఇస్తుంది కానీ, అందులో మాంసకృత్తులు సుమారు 30 గ్రాములే. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు సరిపోతాయి. బరువులు ఎత్తేవారికి 1.6 గ్రాముల వరకు ఉపయోగం ఉంటుంది, అంటే 60 కిలోల మనిషికి సుమారు 96 గ్రాములు. దీనికి ఖరీదైన పొడి డబ్బాలు తప్పనిసరి కాదు. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో పండే శనగలు వంద గ్రాములు తింటే 20 గ్రాములు, కోడిగుడ్డుకు 6 గ్రాములు, నెల్లూరు చేపల పులుసులోని ముక్కలైనా రొయ్యలైనా వంద గ్రాములకు 20కి కొంచెం తక్కువగా దొరుకుతాయి. పులుసు పోసుకున్న అన్నం తగ్గించి ముక్కలు పెంచుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

కనిగిరి వైపు వారికి ఒక మాట చెప్పాలి. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్ల కీళ్లు, వెన్ను బిగుసుకుపోయినవారు, కిడ్నీ జబ్బుతో బాధపడేవారు ఆ ఊళ్లలో ఉన్నారు. కిడ్నీ దెబ్బతిన్నవారికి మాంసకృత్తులు పెంచడం హాని చేయగలదు. అందుచేత అక్కడివారు పప్పు, గుడ్లు పెంచుకునే ముందు కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. కీళ్లు పూర్తిగా వంగనివారు బరువు పట్టుకోకముందే వైద్యునికి చూపించుకోవాలి.